టీవీ పెడితేనే ముద్ద మింగుతోంది, మీ ఇళ్లలో ఎలా ఉంది?

గుంటూరు_కుట్టుమిషన్ | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా పాపకి మూడేళ్లు నిండి రెండు నెలలు. పది నెలలప్పుడు ఉగ్గు తినిపిస్తుంటే నోరు బిగించి ఏడ్చేది. ఒకరోజు టీవీలో పాట వస్తుంటే అటు చూస్తూ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయింది. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇక అదే అలవాటైపోయింది. ఇప్పుడు కార్టూన్ వస్తుంటేనే ముద్ద మింగుతుంది. కరెంటు పోతే ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. పప్పన్నమా, పెరుగన్నమా అన్న ధ్యాసే ఉండదు.

నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పెళ్లిళ్ల రోజుల్లో అయితే తల ఎత్తడానికి ఉండదు. కింద కత్తెర, సూదులు, హుక్కులు ఉంటాయి, పాప దగ్గరకొస్తే భయం. అందుకని నేనే టీవీ ముందు కూర్చోబెడతాను. సాయంత్రం మామగారి వార్తలు, ఆరున్నర నుంచి అత్తయ్య సీరియళ్లు. రాత్రి పది దాటితే గానీ ఆ పెట్టె నోరు మూతపడదు.

మొన్న ప్లేస్కూల్ టీచర్ పిలిచి, "పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ తిరగడం లేదండి. మాటలు బాగానే వస్తున్నాయి, కానీ అడిగినదానికి జవాబుగా రావడం లేదు" అన్నారు. నిజమే. మా పాప మాట్లాడేది మా ఇంటి మాట కాదు. మంచినీళ్లు కావాలంటే "నాకు చాలా దాహంగా ఉంది మిత్రమా" అంటుంది. మొదట్లో అందరం ముచ్చటపడ్డాం, చుట్టాలు వస్తే అనిపించి మరీ వినిపించాం. ఇప్పుడు అదే మాట వింటే కడుపులో దిగులు పుడుతోంది.

టీవీ తీసేద్దామంటే మా ఆయన "అమ్మావాళ్లకి ఏం చెప్తావ్?" అంటున్నారు. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారు? ఎవరైనా మాన్పించగలిగారా?

—

నంద్యాల_అమ్మాయి | సోమవారం, రాత్రి 10:41

అక్కా, మా ఇల్లూ అచ్చం ఇంతే. మా బాబుకి రెండున్నర. టీవీ ఆపితే నేల మీద పడి దొర్లుతాడు. ఎవరైనా దారి చెప్తారేమోనని నేనూ చూస్తూ ఉంటాను.

—

బెజవాడ_మూర్తి | సోమవారం, రాత్రి 11:05

కంగారు పడకండి అమ్మా. మనమంతా టీవీ చూసే పెరిగాం కదా. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా వీధి మొత్తానికి ఒక్కరింట్లోనే టీవీ. తొమ్మిదిన్నరకల్లా స్నానాలు చేసి ముప్పై నలభై మందిమి ఆ ఇంట్లో కూర్చునేవాళ్లం. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి. ఆ తర్వాత మా అక్క పిల్లలు శక్తిమాన్ చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ప్రతిదానికీ టీవీని ఆడిపోసుకోవడం ఈ మధ్య అలవాటైపోయింది. పిల్ల తింటోంది, అది చాలు. వయసొస్తే అదే సర్దుకుంటుంది.

—

మాట_నేర్పే_పని | మంగళవారం, ఉదయం 6:50

గుంటూరు అమ్మకి. నేను విశాఖలో పదకొండేళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా చేయాల్సింది, టీవీ మాట పక్కన పెట్టి పాపకి వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరగకపోవడానికి చెవిలో నీరు చేరడం కూడా కారణం కావచ్చు. ఆ తర్వాత ఎదుగుదల పరీక్ష. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఈఐసీ అని చిన్నపిల్లల కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఈ పరీక్షలు ఉచితం. "టీవీ చూస్తే ఆటిజం వస్తుంది" అని తిరిగే వీడియోలు చూసి భయపడకండి. టీవీ వల్ల ఆటిజం రాదు. అలాగని టీవీ వల్లే ఇలా ఉందిలే అనుకుని పరీక్ష మానేయడమూ మంచిది కాదు. రెండూ చూశాను నేను, రెండోదే పిల్లల కాలాన్ని ఎక్కువ తినేస్తోంది.

ఇక లెక్కలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది: రెండేళ్ల లోపు పిల్లలకి తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మేలు. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్ల లోపు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య గంట, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగానే అని, ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపు అని చెప్పింది.

కానీ మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది కార్టూన్ కన్నా పది దాకా ఆగని ఆ పెట్టె. ఎవరూ చూడకపోయినా మోగుతూ ఉండే టీవీ ఉంటుంది చూడండి, దాని నష్టం పైకి కనిపించదు. 2009లో అమెరికాలో రెండు నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల చొక్కాలకి చిన్న రికార్డర్లు పెట్టి ఇంట్లో మాటలు లెక్కపెట్టారు. టీవీ వినబడే ప్రతి గంటకీ పెద్దవాళ్లు మాట్లాడే మాటలు సుమారు 770 తగ్గాయి. పిల్లలు చేసే శబ్దాలూ తగ్గాయి. అక్కడ జరిగింది పిల్లలకి ఏదో చెడు నేర్పడం కాదండీ. ఇంట్లో మనుషులు వాళ్లతో మాట్లాడటం తగ్గిపోయింది, అంతే. మీ పాపకి మాటలు వస్తున్నాయి. అవి ఎదురుగా ఉన్న మనిషి కోసమని ఇంకా పూర్తిగా తెలియలేదేమో. కార్టూన్‌లో బొమ్మ ప్రశ్న అడుగుతుంది, పాప జవాబు చెప్పినా చెప్పకపోయినా కథ ముందుకు పోతుంది. అదే మీరు "నీళ్లు కావాలా?" అని అడిగితే పాప "ఊఁ" అనేదాకా గ్లాసు మీ చేతిలోనే ఉంటుంది. మాట అలా నేర్చుకుంటారు.

తిండి విషయం. టీవీ చూస్తూ తినే పిల్లలకి ఆకలి, కడుపు నిండటం రెండూ తెలియకుండా పోతాయి. ఇప్పుడు తక్కువ తింటుందని భయపడతారు, కొన్నేళ్లకి అదే అలవాటుతో ఎక్కువ తినే ప్రమాదమూ ఉంది. మాన్పిస్తే మొదటి రెండు మూడు రోజులు తక్కువే తింటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల అయితే అంతకే ఏమీ కాదు, బరువు గురించి అనుమానం ఉంటే డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

—

బెజవాడ_మూర్తి | మంగళవారం, ఉదయం 7:30

మేడమ్, మీ అనుభవాన్ని కాదనను. కానీ మేము చూసిన టీవీ వల్ల మాకు మాటలు తగ్గలేదే? మా ఇల్లంతా మాటలే.

—

పాలమూరు_పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మూర్తి గారూ, మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది. ముప్పై నలభై మంది ఒక టీవీ చుట్టూ కూర్చున్నామన్నారు. నేను మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలో పుట్టినవాణ్ని, బడిపంతులుగా పనిచేసి రిటైర్ అయ్యాను. 1975 ఆగస్టులో సైట్ అని ఒక ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. మన రాష్ట్రం అందులో ఉంది. మా బడి పక్కన కోళ్ల జాలీతో చేసిన పది అడుగుల గొడుగు లాంటి యాంటెనా నిలబెట్టారు, టీవీని బల్ల మీద పెట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. ఏడాదికి, 1976 జులై ఆఖరున, ఆ ఉపగ్రహాన్ని మళ్లించారు, మా టీవీ ఆగిపోయింది.

మాకు ఏం గుర్తుందంటే తెర కన్నా తెర ముందు జరిగింది. వరి మళ్లకి మందు కొట్టడం చూపిస్తుంటే మా తాత లేచి "ఆ మందు మన నేలకి పనికిరాదురా" అని కేకేసేటోడు. పక్కనోడు కాదనేటోడు. కార్యక్రమం అయిపోయినా గంటసేపు అరుగు మీద అదే ముచ్చట. మీ రామాయణం కూడా అంతే కదా. హిందీ ఎంతమందికి వచ్చు? పక్కన ఎవరో పెద్దాయన కథ చెప్పుంటాడు.

ఇప్పటి టీవీకి రెండు తేడాలు. ఒకటి, అది ఆగదు. అప్పట్లో ప్రసారం అయిపోయిందంటే తెర మీద ఏమీ ఉండేది కాదు, ఆపే పని దూరదర్శనే చేసేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పటి నుంచి మన ఇళ్లలో ఆపే పని మన చేతికి వచ్చింది. రెండోది, పక్కన మనిషి లేడు. పిల్ల ఒక్కతే కూర్చుంటోంది.

నేను టీవీకి శత్రువుని కాదు. కరోనాతో బళ్లు మూసేసి, 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పినప్పుడు మా బడి పిల్లలకి వేరే బడి లేదు. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. మా ఊళ్లో టీవీ లేని పిల్లల్ని ఉన్న ఇళ్లకి జత చేసి, నేను వీధులెంబడి తిరిగి చూసేవాణ్ని. పక్కన అక్కో అన్నో కూర్చుని "ఇది అర్థమైందా" అని అడిగిన ఇంట్లో పిల్లలు నోట్సు రాశారు. ఎవరూ లేని ఇంట్లో పాఠం నడుస్తుండగానే పిల్లలు నిద్రపోయారు. పాఠం ఒకటే, టీచర్ ఒకరే.

—

డాలస్_నాన్న | మంగళవారం, రాత్రి 9:10 (మన కాలం)

పంతులు గారు చెప్పింది మా ఇంట్లో కళ్లారా చూశాను. మా వాడికి తెలుగు రావాలని రెండేళ్ల వయసు నుంచి తెలుగు కార్టూన్లు, తెలుగు పాటలు పెట్టాం. ఏడాదిన్నర అలా పెట్టినా వాడు తెలుగులో ఒక్క మాట నాతో అనలేదు. పాట పల్లవి మాత్రం మొత్తం పాడతాడు, అర్థం అడిగితే తెలియదు. మా అమ్మ ఆరు నెలలు వచ్చి ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. మూడో నెలకి వీడు "నానమ్మా, జడ వెయ్యనా?" అన్నాడు. మా అమ్మ జుట్టు పట్టుకుని మరీ.

తర్వాత ఈ విషయం మీద చదివాను. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ అనే ఆవిడ 2003లో చేసిన పరీక్ష ఒకటి ఉంది. తొమ్మిది నెలల అమెరికన్ పాపలకి చైనా భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు, బొమ్మలతో మాట్లాడింది. కొందరికి అదే మనిషి అవే మాటలు టీవీలో. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాష శబ్దాలని గుర్తుపట్టారు. టీవీలో విన్నవాళ్లకి ఏమీ అంటలేదు. విదేశాల్లో ఉండే మన తెలుగు అమ్మానాన్నలు ఇది తప్పక తెలుసుకోవాలి. ఛానల్ కొని పెట్టేస్తే తెలుగు వచ్చేస్తుందని నేనూ నమ్మాను.

—

తెనాలి_కేబుల్ | బుధవారం, ఉదయం 8:05

నేను ఇరవై ఏళ్లుగా కేబుల్ వేస్తున్నాను. పావుగంట సిగ్నల్ పోతే మొదటి ఫోన్లు క్రికెట్ చూసేవాళ్ల దగ్గర్నుంచి రావు, పిల్లల తల్లుల దగ్గర్నుంచి వస్తాయి. "అన్నా, బాబుకి అన్నం పెడుతున్నా, తొందరగా చూడు" అంటారు. ఒకప్పుడు అదేదో మామూలు మాట అనుకునేవాణ్ని. ఈ చర్చ చదివాక అలా అనిపించడం లేదు.

నాకు తెలిసిన రెండు విషయాలు చెప్తాను. దాదాపు అన్ని సెట్‌టాప్ బాక్సుల్లో ఛానల్‌కి తాళం వేసే సౌకర్యం ఉంటుంది, నాలుగంకెల నంబరు పెట్టుకోవచ్చు. మీ ఆపరేటర్‌ని అడిగితే వచ్చి పెట్టి వెళ్తాడు. రెండోది, టీవీని పొడుగాటి స్టాండు మీద ఊరికే నిలబెట్టకండి. పిల్లలు స్టాండు పట్టుకుని ఎక్కితే టీవీ మీద పడుతుంది. గోడకి బిగించుకోండి. బిగించేటప్పుడు పడకగదిలో మాత్రం వద్దని నేను అందరికీ చెప్తాను. పడకగదిలో పెట్టించుకున్న ఇళ్లలో రాత్రి పన్నెండింటికి కూడా బాక్సు ఆన్‌లోనే కనిపిస్తుంది.

—

అమలాపురం_పెద్దమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:30

నాకు అరవై రెండేళ్లు. మా కోడలు ఫోనులో ఈ చర్చ చదివి వినిపించింది. చదువుతూ సీరియళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. అందుకే నేనే రాస్తాను, తప్పులుంటే ఏమనుకోకండి.

మా ఆయన పోయి నాలుగేళ్లు. అమలాపురంలో ఇల్లు తాళం వేసి హైదరాబాదులో కొడుకు దగ్గరకి వచ్చాను. అక్కడ మా వీధి వీధంతా నాకు తెలుసు. ఇక్కడ ఆరో అంతస్తు. ఎదురు తలుపు వాళ్ల పేరు తెలియదు. కొడుకు, కోడలు పొద్దున పోతే రాత్రికే రావడం. వంట, గిన్నెలు, పిల్లల బాక్సులు, బట్టలు అన్నీ నేనే. సాయంత్రం ఆరున్నరకి సీరియల్ పెట్టుకుంటే అందులో ఉన్న మనుషులు నాకు పేర్లతో తెలుసు. వాళ్ల కష్టం నాకు తెలుసు. రోజు మొత్తంలో నాకంటూ ఉండే పొద్దు అదొక్కటే. అది కూడా తప్పే అంటే ఏం చెయ్యను?

గుంటూరు అమ్మాయీ, మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. టీవీ కట్టేయమనే ముందు ఆవిడ పక్కన ఒకసారి కూర్చుని చూడు.

—

నంద్యాల_అమ్మాయి | బుధవారం, సాయంత్రం 4:02

పెద్దమ్మా, మీరు రాసింది చదివి మా అమ్మకి ఫోన్ చేశాను.

—

ఖమ్మం_సుధారాణి | బుధవారం, రాత్రి 8:45

పెద్దమ్మ గారి బాధ నాకు అర్థమైంది. అయినా సీరియళ్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను, మన్నించండి. మా అమ్మాయికి ఏడేళ్లు. పోయిన నెల వాళ్ల నాన్నని "నాన్నా, నువ్వు కూడా ఇంకో పెళ్లి చేసుకుంటావా?" అని అడిగింది. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఎక్కడిదా మాట? రోజూ రాత్రి మా ఇంట్లో మోగేది అదే. పాలల్లో ఏదో కలిపే అత్తలు, మెట్ల మీంచి తోసే తోడికోడళ్లు. మంచి కోడలు అంటే ఏడుస్తూ భరించేది. చెడ్డ ఆడది అంటే పొట్టి జుట్టు, ఉద్యోగం. ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఇది రోజుకి మూడు గంటలు వినిపించాలా? పిల్ల చూడటం లేదు, బొమ్మలతో ఆడుకుంటోంది అనుకున్నాం. అన్నీ వింది.

డ్యాన్స్ షోల సంగతి ఇంకోటి. ఆరేళ్ల పిల్లలకి పెద్దవాళ్ల బట్టలు, పెద్దవాళ్ల పాటలు, ఆ అడుగులు. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖే అన్ని ఛానళ్లకి దీని మీద సూచన పంపాల్సి వచ్చింది, పిల్లల చేత అలాంటి నృత్యాలు చేయించవద్దని. అలాంటివి చూసి మా చుట్టాల పెళ్లిలో పిల్లల్ని స్టేజీ ఎక్కించి అవే అడుగులు వేయిస్తే పెద్దలంతా చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటకి వెళ్లిపోయాను.

—

బెజవాడ_మూర్తి | బుధవారం, రాత్రి 9:20

సుధారాణి గారూ, ఇంకోవైపు కూడా చూడాలి. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2001 నుంచి 2003 దాకా బీహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీలో సర్వే చేశారు. కేబుల్ కొత్తగా వచ్చిన పల్లెల్లో భార్యని కొట్టడం సరైనదే అనే ఆడవాళ్లు తగ్గారు, కొడుకే పుట్టాలనే పట్టు తగ్గింది, ఇంట్లో నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకి విలువ పెరిగింది. చిన్నపిల్లలు బడికి వెళ్లడం కూడా కొంత పెరిగినట్టు కనిపించింది. ఆ రోజుల్లో ఎక్కువమంది చూసింది ఈ సీరియళ్లే. పల్లెటూరి ఆడమనిషికి పట్నం ఆడమనిషి ఎలా బతుకుతోందో కనబడింది. దాన్ని తీసిపారేయకండి.

—

ఖమ్మం_సుధారాణి | బుధవారం, రాత్రి 9:48

తీసిపారేయనండి. మా అమ్మమ్మకి బ్యాంకు పాస్‌బుక్ అడగాలన్న ఆలోచన టీవీలో చూసే వచ్చింది, అది నాకు తెలుసు. కానీ బయటి లోకం తెలియని పెద్దావిడకి టీవీ ఒక కిటికీ. నా కూతురికి లోకం ఇప్పుడే మొదలవుతోంది. ఒకే టీవీ ఇద్దరికీ ఒకే పని చేయదు. ఆ కార్యక్రమాలు పెద్దవాళ్ల కోసం తీసినవి, పెద్దవాళ్లు చూసుకోనివ్వండి. హాల్లో పిల్లలు ఉండగా వద్దు అంటున్నాను, అంతే.

—

పాలమూరు_పంతులు | గురువారం, ఉదయం 10:10

అమ్మా సుధారాణీ, నీ మాట సబబే.

కొంచెం పెద్దపిల్లలు ఉన్నవాళ్లకి ఒక సంగతి. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి గారు 1996లో ఒక ఆలోచన చేశారు. టీవీలో పాట వస్తుంటే అదే భాషలో పాట మాటల్ని కింద అక్షరాల్లో వేయడం. హిందీ పాటకి హిందీ అక్షరాలు, తెలుగు పాటకి తెలుగు అక్షరాలు. చదవడం సగం సగం వచ్చినవాళ్లకి కన్ను దానంతట అదే అక్షరం మీదకి పోతుంది. నేను నాలుగో తరగతిలో ఇలాగే చేశాను. పిల్లలకి వచ్చిన పాట తీసుకుని, మాటలు నల్లబల్ల మీద రాసి, పాట పెట్టి వేలితో చూపిస్తూ పాడించాను. "క్ష" పలకని పిల్లలు పాట కోసం పలికారు.

ఇంకోటి, మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడగావ్ అనే ఊరు 2022 ఆగస్టు 15 నుంచి ఒక పని చేస్తోంది. రాత్రి ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. ఎనిమిదిన్నరకి మళ్లీ సైరన్. ఆ గంటన్నర పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. మొదట్లో పంచాయతీ వాళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పాల్సి వచ్చిందట. ఒక్క ఇంట్లో ఆపితే పక్కింటి టీవీ చప్పుడు పిల్లని లాగుతుంది. అందరూ ఒకేసారి ఆపితే లాగేదేమీ ఉండదు.

—

గుంటూరు_కుట్టుమిషన్ | గురువారం, రాత్రి 10:50

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. పెద్దమ్మ గారూ, మీరు చెప్పినట్టే ఇవాళ మిషన్ ఆపి అత్తయ్య పక్కన కూర్చున్నాను. మొదటి పదినిమిషాలు ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. తర్వాత ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడం మొదలుపెట్టారు. ప్రకటనలు వచ్చినప్పుడు పాప బడి సంగతి, టీచర్ అన్న మాట చెప్పాను. నేను ఇంతవరకూ చెప్పనేలేదు, భయం. ఆవిడ టీవీ వైపు చూస్తూనే "పిలిస్తే పలకదని నాకు ఆరు నెలల నుంచి తెలుసే అమ్మా. నువ్వు బాధపడతావని అనలేదు" అన్నారు.

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయంతో ఆరు నెలలు ఉన్నాం.

సోమవారం వినికిడి పరీక్షకి వెళ్తున్నాం. వచ్చాక రాస్తాను.

—

గుంటూరు_కుట్టుమిషన్ | పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, పెళ్లి బ్లౌజులు పదకొండు ఇవ్వాల్సి వచ్చింది.

పాప చెవులు బాగానే ఉన్నాయి. ఎదుగుదల పరీక్షలో మాట్లాడే తీరులో కొంచెం వెనక ఉందన్నారు. వారానికి రెండుసార్లు థెరపీ, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. మాట నేర్పే అక్క చెప్పిన చాలా విషయాలే అక్కడా చెప్పారు.

ఇంట్లో ఏం చేశామంటే, తిండి దగ్గర టీవీ పూర్తిగా ఆపేశాం. మొదటి రోజు పాప రెండు ముద్దలు తిని పళ్లెం తోసేసింది. రెండో రోజు రాత్రి ఒక గ్లాసు పాలు మాత్రమే. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మా ఆయన రిమోట్ చేతిలోకి తీసుకున్నారు కూడా, అత్తయ్య వెళ్లి ఆయన చేతిలోంచి తీసుకుని కొంగున కట్టుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం పాప తనంతట తనే "ఆకలి" అంది. మిత్రమా అనలేదు. పాప నోట ఆకలి అన్న మాట నేను అదే మొదటిసారి వినడం. ఎప్పుడూ ఆకలి వేయనిచ్చానా?

సీరియళ్ల సంగతి అత్తయ్యే తేల్చారు. రాత్రి వచ్చేవి మర్నాడు మళ్లీ వేస్తారట, నాకు తెలియదు. పాప మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా పడుకుంటుంది, అప్పుడు చూసుకుంటున్నారు. నేను ఆ రెండు గంటలు అక్కడే కూర్చుని హెమ్మింగ్, హుక్కుల పని చేసుకుంటున్నాను. ఒకటి మాత్రం రాత్రిదే కావాలన్నారు, అది తొమ్మిదింటికి. పాపని ఎనిమిదిన్నరకే పడుకోబెడుతున్నాం. ఇంతకు ముందు పదిన్నర అయ్యేది, అందుకే పొద్దున అంత చికాకు అని ఇప్పుడు అర్థమవుతోంది.

మిషన్ దగ్గరకి రాకుండా ఏం చేయాలో తెలియలేదు. ఒక పాత చీర పరిచి, అందులో పాపని కూర్చోబెట్టి గుడ్డ ముక్కలు ఇచ్చాను. ఎర్రవి ఒకవైపు, పచ్చవి ఒకవైపు పెడుతుంది. నేను కుడుతూ "ఎర్రది ఇవ్వు" అంటే ఇస్తుంది. ఒక్కోసారి పచ్చది ఇచ్చి నా మొహం చూస్తుంది. పని మాత్రం తగ్గింది, అది నిజం. రోజుకి ఒక బ్లౌజు తక్కువ కుడుతున్నాను. ఆ డబ్బులు మాకు అవసరమే. ఎలాగో చూడాలి.

సాయంత్రం అరగంట కార్టూన్ ఉంచాం, అత్తయ్య పక్కన కూర్చుని "ఆ పిల్లి ఎందుకు పరిగెడుతోందే?" అని అడుగుతూ ఉంటారు. మామగారి వార్తలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ అరుపులకి పాప చెవులు మూసుకుంటోంది. ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

—

తెనాలి_కేబుల్ | అదే రాత్రి, 9:40

అమ్మా, బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టించండి. మీ టీవీలో ఆ సౌకర్యం ఉందో లేదో సెట్టింగుల్లో తెలుస్తుంది. లేకపోతే వైరు ఉన్నదైనా పనికొస్తుంది. మా నాన్నకి అదే పెట్టాను, ఆయనకి కూడా చక్కగా వినబడుతోందని సంతోషించారు.

—

మాట_నేర్పే_పని | అదే రాత్రి, 10:05

పచ్చది ఇచ్చి మీ మొహం చూస్తోందని రాశారు చూడండి, అది నాకు అన్నిటికన్నా పెద్ద వార్త. థెరపీలో మీ మేడమ్‌కి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

—

అమలాపురం_పెద్దమ్మ | మర్నాడు, ఉదయం 11:20

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు తల్లీ.

విశాఖ అమ్మాయిగారూ, నాకొక అనుమానం. మా అమ్మాయి పూణేలో ఉంటుంది. మనవడికి ఏడాదిన్నర. రోజూ రాత్రి ఫోనులో వాడికి కనిపిస్తాను, గోరుముద్దలు చూపిస్తే అక్కడ వాడు నోరు తెరుస్తాడు. రెండేళ్లలోపు తెర వద్దన్నారు కదా. వారం నుంచి భయపడి చేయడం మానేశాను. వాడు ఫోను చూపించి అడుగుతున్నాడట.

—

మాట_నేర్పే_పని | మర్నాడు, ఉదయం 11:26

అయ్యో పెద్దమ్మా, అది ఆ లెక్కలోకి రాదు. చుట్టాలతో వీడియో కాల్ చేసుకోవచ్చని డాక్టర్లే చెప్పారు. మీరు అడిగితే వాడు పలుకుతున్నాడు, వాడు నవ్వితే మీరు నవ్వుతున్నారు. ఇవాళ రాత్రే చేయండి.